గాలి గంటలు: గొట్టం కొయ్యడం నుంచి శ్రుతి చెయ్యడం దాకా

అర మీటరు పొడవున్న అల్యూమినియం గొట్టం ముక్క ఒకటి తీసుకోండి. పై కొసను రెండు వేళ్ల మధ్య పట్టుకుని వేలాడదీసి, నడిమధ్యలో చెక్క గరిటె కాడతో తట్టండి. ‘టక్’మని ఆగిపోతుంది. వేళ్లను రెండు సెంటీమీటర్లు కిందికి జరిపి మళ్లీ తట్టండి, కాస్త మోత వస్తుంది. అలా జరుపుకుంటూ పోతే, కొస నుంచి 11 సెంటీమీటర్ల దగ్గర అదే గొట్టం ‘ఠంగ్’మని మోగి, ఆ నాదం చాలాసేపు నిలబడుతుంది. ఇంకో మూడు సెంటీమీటర్లు దాటితే మళ్లీ మూగబోతుంది. తేడా చెవికే కాదు, వేళ్లకూ తెలుస్తుంది. తప్పు చోట పట్టుకుంటే చర్మానికి జిలజిలలాడుతూ తగులుతుంది, సరైన చోట దాదాపు ఏమీ తెలియదు.

గాలి గంటల (గాలికి మోగేలా వేలాడదీసే గొట్టాల) తయారీ అంతా ఈ చిన్న ప్రయోగంలోనే ఉంది. లోహం ఎక్కడ కదలదో అక్కడ పట్టుకోవాలి, ఎక్కడ ఎక్కువగా కదులుతుందో అక్కడ కొట్టాలి. నేను మొదట చేసిన జతలో గొట్టాలన్నిటికీ కొస నుంచి రెండు సెంటీమీటర్ల కింద రంధ్రాలు వేశాను. అవి గాలికి కటకటలాడాయి గానీ పాడలేదు. తప్పు లోహానిదే అనుకున్నాను. తర్వాత అవే గొట్టాలకు సరైన చోట మళ్లీ రంధ్రాలు వేస్తే, వాటిలో అంత నాదం దాగుందా అని ఆశ్చర్యం వేసింది.

గొట్టం ఎలా మోగుతుంది

గొట్టం లోపలి గాలి ఊగడం వల్ల, అంటే వేణువులోలాగా, ఈ శబ్దం వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. లోపల బోలు లేని కడ్డీ కూడా ఇలాగే మోగుతుంది. దెబ్బ తగలగానే గొట్టం కంటికి కనిపించనంత స్వల్పంగా విల్లులా వంగి, అటూ ఇటూ ఊగుతుంది. మధ్య భాగం ఒక వైపుకు వెళ్తే రెండు కొసలూ ఎదురు వైపుకు వెళ్తాయి. కొసకూ మధ్యకూ నడుమ రెండు చోట్ల మాత్రం కదలిక ఉండదు. పాఠ్యపుస్తకాలు వీటినే అస్పందన బిందువులు అంటాయి. రెండు కొసలూ స్వేచ్ఛగా ఉన్న ఏకరీతి గొట్టానికి ఇవి ఒక్కో కొస నుంచి మొత్తం పొడవులో 22.4 శాతం దూరంలో ఉంటాయి. లోహం ఏదైనా, లావు ఎంతైనా ఈ లెక్క మారదు.

గుర్తుంచుకోవాల్సిన రెండో సంగతి, ఫ్రీక్వెన్సీ పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. తీగను సగం చేస్తే పై షడ్జం వస్తుంది. గొట్టాన్ని సగం చేస్తే ఏకంగా రెండు స్థాయిలు పైకి పోతుంది. ఒక్క స్థాయి పైకి కావాలంటే పొడవును 0.707తో గుణించాలి.

మూడోది, తీగలో ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటే పుట్టే పై స్వరాలు) అసలు స్వరానికి 2, 3, 4 రెట్లుగా పొందికగా ఉంటాయి. గొట్టంలో అవి దాదాపు 2.76, 5.40, 8.93 రెట్ల దగ్గర ఉంటాయి, అందుకే ఆ లోహపు గరుకుదనం. కానీ 2.76 రెట్ల ఉపస్వరానికి గొట్టం నడిమధ్యలోనే ఒక అస్పందన బిందువు ఉంది. అంటే సరిగ్గా మధ్యలో కొడితే ఆ స్వరం పుట్టదు, అసలు స్వరం మాత్రం పూర్తి బలంతో పుడుతుంది. దెబ్బ మధ్యలో పడాలనడానికి కారణం ఇదే.

ఏ గొట్టం తీసుకోవాలి

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా అల్యూమినియమే. కొయ్యడం తేలిక, తుప్పు పట్టదు, నాదం నిలుస్తుంది. గట్టి రకం తీసుకోండి. చేత్తో సులువుగా వంగిపోయే మెత్తటి రకం అంతగా మోగదు. ఉక్కు గొట్టం కూడా బాగానే పలుకుతుంది. ఒకే కొలతల్లో ఉక్కు, అల్యూమినియం ఇంచుమించు ఒకే స్వరం ఇస్తాయి, ఎందుకంటే ఉక్కు ఎన్ని రెట్లు గట్టిదో దాదాపు అన్ని రెట్లు బరువైనది కూడా. రాగి, ఇత్తడి అదే కొలతకు తక్కువ స్వరంలో, కాస్త మెత్తగా పలుకుతాయి. ప్లాస్టిక్ గొట్టాలతో ప్రయత్నించి సమయం వృథా చేసుకోకండి.

కింది లెక్కలన్నీ 25 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 2 మిల్లీమీటర్ల గోడ ఉన్న అల్యూమినియం గొట్టానికి చెబుతున్నాను. ఆరు గంటలకు సుమారు 3.2 మీటర్ల గొట్టం పడుతుంది. మొత్తం బరువు 1.2 కిలోలు. ఇదే గొట్టాన్ని మీటరు పైన కోసి మంద్ర స్వరాలు రప్పిద్దామనుకుంటే నిరాశే మిగులుతుంది. అంత తక్కువ స్వరాన్ని సన్నటి గొట్టం గాలిలోకి బలంగా పంపలేదు, మన చెవి కూడా దాన్ని అంతగా పట్టుకోదు. ఉపస్వరాలే పైకి తేలి, ఏ స్వరమో తెలియకుండా పోతుంది. మంద్రం కావాలంటే లావు గొట్టం తీసుకోవాలి.

స్వరాల ఎంపిక

గాలి ఏ గంటను ఎప్పుడు కొడుతుందో మన చేతిలో లేదు. అందుకని ఏ రెండు స్వరాలు కలిసి మోగినా ఒరుసుకోని వరస కావాలి. దీనికి ఔడవ (ఐదు స్వరాల) రాగాలు, ముఖ్యంగా మోహన, చక్కగా సరిపోతాయి. స రి గ ప ద, ఐదింటిలో ఎక్కడా అర స్వరం దూరంలో పక్కపక్కన ఉన్న జంట లేదు. హిందోళం, మధ్యమావతి కూడా అంతే. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. వెనక తంబురా లేదు కాబట్టి అన్నిటికంటే పొడుగు గొట్టం స్వరాన్నే చెవి షడ్జంగా తీసుకుంటుంది. మోహన స్వరాలనే ఉంచి, రిషభం గొట్టాన్ని అన్నిటికంటే పొడుగ్గా పెట్టి, కింది షడ్జం తీసేస్తే వినబడేది మధ్యమావతి. గ్రహభేదం (అవే స్వరాల్లో షడ్జాన్ని మారిస్తే వేరే రాగం రావడం) తెలిసినవాళ్లు దీన్ని ఇట్టే పట్టుకుంటారు.

మోహనకు నేను వాడే నిష్పత్తులు: రి 9/8, గ 5/4, ప 3/2, ద 27/16, పై స 2. ధైవతాన్ని 5/3 దగ్గర పెట్టవచ్చు కూడా. కానీ నేను రి, ద గొట్టాలను ఎదురెదురుగా వేలాడదీస్తాను. మధ్యలో వేలాడే బిళ్ల (నాలుక) ఒకదాన్ని తాకి రెండోదాని మీదికి వెళ్తుంది. 27/16 అయితే ఆ రెంటి మధ్యా సరైన పంచమ సంబంధం వస్తుంది.

ముందు ఒక నమూనా గొట్టం

పుస్తకంలోని సూత్రంతో పొడవులు లెక్కగట్టవచ్చు గానీ, మీ గొట్టం గోడ మందం, లోహపు మిశ్రమం కచ్చితంగా తెలియవు కాబట్టి ఫలితం కొంత తేడాగానే వస్తుంది. దానికన్నా నమ్మకమైన దారి ఉంది. సరిగ్గా 500 మిల్లీమీటర్ల ముక్క కొయ్యండి. రెండు కొసల నుంచి 112 మిల్లీమీటర్ల దగ్గర దాన్ని రెండు స్పాంజి ముక్కల మీద పడుకోబెట్టి, మధ్యలో చెక్కతో తట్టి, ఫోన్‌లో స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో తెలిపే పటం) చూపించే యాప్‌తో ఫ్రీక్వెన్సీ చూడండి. మామూలు ట్యూనర్ యాప్‌లు తీగ వాయిద్యాల కోసం చేసినవి. గొట్టం ఉపస్వరాలు చూసి అవి తికమకపడి తప్పు స్వరం చూపించవచ్చు. స్పెక్ట్రమ్‌లో అన్నిటికంటే ఎడమన ఉన్న బలమైన శిఖరమే మీకు కావలసింది. అనుమానం ఉంటే ఈసారి కొస దగ్గర కొట్టండి. దానికి సుమారు 2.7 రెట్ల దగ్గర ఇంకో శిఖరం లేస్తే మొదటిది అసలు స్వరమే అని ఖాయం.

ఈ కొలతల గొట్టం 500 మిల్లీమీటర్ల దగ్గర లెక్క ప్రకారం 588 హెర్ట్జ్ ఇవ్వాలి. నిజంలో కొంచెం తక్కువ రావచ్చు. మీకు 575 వచ్చిందనుకుందాం. ఇక ఏ స్వరానికైనా పొడవు ఇలా:

పొడవు = 500 × వర్గమూలం (575 ÷ కావలసిన ఫ్రీక్వెన్సీ)

షడ్జం 392 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటే కొలతలు ఇవి. చివరిది పై కొస నుంచి రంధ్రం వేయాల్సిన దూరం, అంతా మిల్లీమీటర్లలో.

స – 392 హెర్ట్జ్, పొడవు 605.6, రంధ్రం 135.8
రి – 441 హెర్ట్జ్, పొడవు 570.9, రంధ్రం 128.0
గ – 490 హెర్ట్జ్, పొడవు 541.6, రంధ్రం 121.4
ప – 588 హెర్ట్జ్, పొడవు 494.4, రంధ్రం 110.8
ద – 661.5 హెర్ట్జ్, పొడవు 466.2, రంధ్రం 104.5
పై స – 784 హెర్ట్జ్, పొడవు 428.2, రంధ్రం 96.0

నమూనా ముక్క వృథా కాదు, అదే పంచమం అవుతుంది. మీ నమూనాకు వేరే అంకె వస్తే ఈ పట్టికను వాడకండి, సూత్రంలో మీ అంకె పెట్టి మళ్లీ లెక్క వేసుకోండి.

కొయ్యడం, రంధ్రం వేయడం

ప్రతి గొట్టాన్నీ లెక్కకు 3 మిల్లీమీటర్లు ఎక్కువగా కొయ్యండి. అన్నిటికంటే పొడుగుదానితో మొదలుపెట్టండి. పొరపాటున ఎక్కువ కోసినా దాన్ని పై స్వరానికి వాడుకోవచ్చు. హాక్సా అయితే సన్నటి పళ్ల బ్లేడు వాడండి. కోత వంకర పోకుండా గొట్టం చుట్టూ కాగితం పట్టీ బిగించి, దాని అంచు వెంబడి కొయ్యండి. ఆ తర్వాత కొసలను లోపలా బయటా ఆకురాయితో నునుపు చెయ్యండి. కళ్లద్దాలు పెట్టుకోవడం మరవద్దు, అల్యూమినియం రజను కంట్లో పడితే చాలా బాధ.

రంధ్రాలు గొట్టానికి ఎదురెదురు గోడల్లో, సరిగ్గా ఒకే ఎత్తులో రావాలి. కంటి అంచనాతో వేస్తే వంకరగా వస్తాయి. సన్నటి కాగితం పట్టీని గొట్టం చుట్టూ తిప్పి, రెండు అంచులు కలిసిన చోట గుర్తు పెట్టుకుని కత్తిరించండి. దాన్ని సగానికి మడిచి, మడత మీద గీత గీసి, మళ్లీ గొట్టానికి చుట్టండి. అంచులు కలిసిన చోటు ఒక రంధ్రం, మడత గీత రెండో రంధ్రం. సెంటర్ పంచ్‌తో చిన్న గుంట చేసుకుని 3 మిల్లీమీటర్ల బిట్‌తో ఒక్కో వైపు నుంచి విడివిడిగా డ్రిల్ చెయ్యండి.

రంధ్రం దూరాన్ని పట్టికలోని అంకె ప్రకారమే, అరగకుండా ఉండే పై కొస నుంచి కొలవండి. శ్రుతి చేసేటప్పుడు కింది కొసనే అరగదీస్తాం.

శ్రుతి చెయ్యడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. తొందర లేకుండా కూర్చోవాలి.

ముందు ఎంత సున్నితమో తెలుసుకుందాం. అర మీటరు గొట్టంలో 1 మిల్లీమీటరు తగ్గితే స్వరం సుమారు 7 సెంట్లు పెరుగుతుంది. ఒక అర స్వరం 100 సెంట్లు. 5 సెంట్ల లోపు కుదిరితే గాలి గంటలకు చాలు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు తేడా వరకు పరవాలేదు. ఆకురాయి చేతిలో ఉన్నవాళ్లకు ఇది అందని పనేమీ కాదు.

యాప్ అంకెను చూస్తూ అరగదీయవచ్చు. కానీ చెవితో చేసే పద్ధతి ఇంకా నమ్మకమైనది, ఇంకా ఆనందాన్నిచ్చేది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి కావలసిన ఫ్రీక్వెన్సీ, గాంధారానికైతే 490 హెర్ట్జ్, సన్నగా మోగించండి. గొట్టాన్ని రంధ్రాల దగ్గర వేలాడదీసి మధ్యలో తట్టి, ఫోన్ పక్కకు తీసుకురండి. గొట్టం 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంది కాబట్టి సుమారు 5 హెర్ట్జ్ తక్కువ పలుకుతుంది. రెండు శబ్దాలూ కలిసి ‘వావావావావా’ అని వేగంగా ఎగసిపడతాయి. ఇవే విస్పందనాలు. సెకనుకు ఎన్నిసార్లు ఎగసిపడితే తేడా అన్ని హెర్ట్జ్‌లు.

ఇప్పుడు కింది కొసను ఆకురాయితో పది పన్నెండు సార్లు రాయండి. మళ్లీ తట్టండి. ‘వా వా వా’ అని నెమ్మదిస్తుంది. మళ్లీ రాయండి. ‘వా... వా...’ అవుతుంది. ఇక్కడి నుంచి ఆకురాయి పక్కన పెట్టి శాండ్ పేపర్ తీసుకోండి. కాగితాన్ని బల్ల మీద పరిచి, గొట్టాన్ని నిలువుగా పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ రుద్దితే అంచు సమంగా అరుగుతుంది. చివరికి ఒక్కో ఎగసిపాటు రెండు మూడు సెకన్లు పట్టేంత నెమ్మదిస్తుంది. ఆ తర్వాత ఫోన్ ఏదో, గొట్టం ఏదో తెలియకుండా రెండూ ఒకటైపోతాయి. అక్కడ ఆగండి.

ఆగే ముందు ఒక జాగ్రత్త. రాపిడికి లోహం వేడెక్కుతుంది, వేడి లోహం కొంచెం తక్కువ స్వరం పలుకుతుంది. వేడిగా ఉన్నప్పుడు సరిచూసుకుని అరగదీస్తే చల్లారాక స్వరం మీదికి పోతుంది. చివరి రెండు మూడు పరీక్షలకు ముందు గొట్టాన్ని ఐదు నిమిషాలు పక్కన పెట్టండి.

స్వరం మీదికి పోతే? కొద్ది తేడానైతే దించవచ్చు. కొసల దగ్గర కదలిక ఎక్కువ, అక్కడ కాస్త బరువు చేరితే గొట్టం నెమ్మదిగా ఊగుతుంది. కింది కొస లోపలి అంచుకు ఎపాక్సీ చుక్క పెట్టండి. గాంధారం గొట్టానికి ఒక్క గ్రాము పెడితే సుమారు 16 సెంట్లు దిగుతుంది. అంతకు మించి పూయకండి, నాదం మొద్దుబారుతుంది.

కొన్ని గొట్టాలు ఫోన్ లేకుండా వాటంతట అవే ‘వావావా’ అంటాయి. గొట్టం పూర్తి గుండ్రంగా లేకపోయినా, గోడ ఒక వైపు మందంగా ఉన్నా ఇలా జరుగుతుంది. ఒక దిశలో వంగేటప్పుడు ఒక స్వరం, దానికి అడ్డంగా వంగేటప్పుడు మరో దగ్గరి స్వరం పలుకుతాయి. గొట్టాన్ని చుట్టూ కొద్దికొద్దిగా తిప్పుతూ కొట్టి చూస్తే, ఏదో ఒక దిశలో ఆ ఊగిసలాట పోయి స్వరం తేటగా వస్తుంది. ఆ దిశకు గుర్తు పెట్టుకోండి. గొట్టాన్ని ఒకే పిన్నుకు కట్టి వేలాడదీస్తే అది తిరిగిపోతుంది గనుక ఆ దిశ నిలవదు. స్వల్పంగా ఉంటే ఆ ఊగిసలాటను వదిలేయండి, నాకైతే అందంగానే ఉంటుంది. సెకనుకు ఐదారు సార్లు కొట్టుకుంటే మాత్రం ఆ ముక్క మార్చండి.

వేలాడదీయడం

దారం గొట్టం బయటి నుంచి వెళ్తే పై భాగానికి తగులుతూ జిర్రుమంటుంది. లోపలి నుంచి వెళ్లాలి. దారం కొసన చిన్న ఉచ్చు ముడి వేసి గొట్టం పై నుంచి లోపలికి దించండి. రంధ్రంలోంచి చూస్తూ, 3 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నును ఒక వైపు నుంచి దూర్చి, ఉచ్చులోంచి పోనిచ్చి, అవతలి రంధ్రంలోకి నెట్టండి. ఉచ్చు పిన్ను మధ్యలో నిలవాలి, ఒక పక్కకు జారితే గొట్టం ఒరుగుతుంది. పిన్ను రెండు కొసలనూ గోడతో సమంగా కోసి, చుక్క ఎపాక్సీతో బిగించండి. వదులుగా ఉన్న పిన్ను కూడా గొంతు బొంగురుపోయినట్టు చేస్తుంది. దారానికి అల్లిన పాలిస్టర్ తీసుకోండి. చేపల గాలానికి వాడే నైలాన్ తీగ ఎండకు పెళుసెక్కి తెగిపోతుంది.

పై బిళ్లకు 160 మిల్లీమీటర్ల వ్యాసమున్న చెక్క సరిపోతుంది. దాని మీద 125 మిల్లీమీటర్ల వ్యాసంతో వృత్తం గీసి ఆరు సమ భాగాలు చెయ్యండి. వరస ఇలా ఉండనివ్వండి: స, పై స, రి, ప, గ, ద. ఇందులో సకు ఎదురుగా ప, రికి ఎదురుగా ద, గకు ఎదురుగా పై స వస్తాయి. బరువు కూడా ఒక వైపుకే పడదు.

పై కొసలన్నీ సమంగా ఉండేలా వేలాడదీస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, నాలుక ఒక్కో గొట్టాన్ని ఒక్కో చోట తాకుతుంది. నడుములు సమంగా ఉండాలి. నాలుక పై బిళ్లకు 350 మిల్లీమీటర్ల కింద ఉండబోతోంది. కాబట్టి పై బిళ్ల నుంచి రంధ్రం దాకా దారం పొడవు = 350 − (0.276 × గొట్టం పొడవు). షడ్జానికి 183, పై షడ్జానికి 232 మిల్లీమీటర్లు వస్తాయి.

నాలుక, రెక్క

నాలుక అంటే మధ్యలో వేలాడుతూ గొట్టాలను కొట్టే బిళ్ల. లోహం గానీ మరీ గట్టి పదార్థం గానీ వద్దు. దెబ్బ ఎంత కరుగ్గా, ఎంత క్షణికంగా తగిలితే పై ఉపస్వరాలు అంత ఎక్కువగా లేస్తాయి. 60 మిల్లీమీటర్ల వ్యాసం, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్క బిళ్ల సుమారు 50 గ్రాములు తూగుతుంది, ఈ గొట్టాలకు అది చాలు. ఇంకా మెత్తగా కావాలంటే అంచుకు పలచని తోలు పట్టీ అతికించండి. పై వృత్తం కొలతతో నాలుకకూ ప్రతి గొట్టానికీ మధ్య 20 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. పక్కపక్క గొట్టాల మధ్య సందు సుమారు 37 మిల్లీమీటర్లు, అందులోంచి నాలుక జారి బయటికి పోదు.

నాలుక దారాన్నే కిందికి కొనసాగించి, పై బిళ్ల నుంచి 700 మిల్లీమీటర్ల దగ్గర గాలి రెక్క కట్టండి. పలచని రేకుతో గానీ చెక్కతో గానీ చేసిన 10 సెంటీమీటర్ల బిళ్ల, 15 గ్రాముల బరువుంటే చాలు. లెక్క వేస్తే సెకనుకు 2 మీటర్ల గాలికి, అంటే గంటకు 7 కిలోమీటర్లకు, ఈ రెక్క నాలుకను కొద్దిగా మాత్రమే పక్కకు లాగుతుంది. 3 మీటర్ల గాలికి ఆ దూరం రెట్టింపు పైనే అవుతుంది, ఎందుకంటే గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది. మీరు వేలాడదీసే చోట గాలి తక్కువైతే రెక్కను పెద్దది చెయ్యండి, నాలుకను తేలిక చెయ్యకండి. తేలిక నాలుక తరచూ తాకుతుంది గానీ పొడుగు గొట్టాలను కదిలించలేదు. గాలి ఎక్కువైతే రెక్క చిన్నదిగా ఉండాలి, లేకపోతే స్వరాల మధ్య ఖాళీ మిగలదు.

పై బిళ్లను మూడు దారాలతో ఒక రింగుకు కట్టి, గోడకు కనీసం 30 సెంటీమీటర్ల ఎడంగా వేలాడదీయండి. కొక్కెం కిలోన్నర బరువును ఊగుతుండగా మోయాలి. ఆరు నెలలకోసారి పిన్నుల దగ్గర దారాలు చూసుకోండి. అరిగేది అక్కడే. రాత్రిళ్లు పక్కింటివాళ్ల నిద్ర పాడుకాకుండా, పై బిళ్ల అంచుకు చిన్న కొక్కెం బిగించుకుని, పడుకునే ముందు రెక్కను పైకి ఎత్తి దానికి తగిలించేయండి.